నిబంధన ఎప్పుడు మారింది? ఫార్ములా వన్ అభిమానుల తగవులు

అంతర్జాతీయ మోటారు పందేల్లో, అందులోనూ ఫార్ములా వన్‌లో, ఏటా ఏదో ఒక నిబంధన మారుతుంది. మారిన ప్రతిసారీ అభిమానుల్లో ఒక తగవు పుడుతుంది. ఆ తగవుల్లో కొన్ని ఆర్నెల్లు తిరక్కుండానే చల్లారిపోతే, మరికొన్ని ఏళ్లు గడిచినా నివురు కింద నిప్పులా ఉండి, ఎవరు కదిలించినా మళ్లీ రాజుకుంటాయి. ఏది చల్లారే తగవో, ఏది చల్లారనిదో తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. నిబంధన ఎప్పుడు మారింది? పందెం మొదలుకాక ముందా, పందెం నడుస్తుండగానా? ఈ ప్రసంగం ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

‘ఫార్ములా’ అనే మాటకు ఈ ఆటలో నిబంధనల కట్ట అని అర్థం. కారు కనీసం ఎంత బరువుండాలి, ఇంజిన్ ఎంత ఉండాలి, రెక్క ఎంత వెడల్పుండాలి అని ముందుగా రాసిపెట్టుకున్న కట్టుబాటు అది. అలాంటి తరగతుల్లో మొదటిది కనుక ‘వన్’ అయింది. ఒంగోలు, గుంటూరు ప్రాంతాల్లో పండగలకూ తిరునాళ్లకూ జరిగే బండలాగుడు పోటీలు చూసినవారికి ఇది కొత్త సంగతేమీ కాదు. అక్కడ ఎద్దుల నోరు తెరిచి పళ్లు చూసి, ఇది పాలపళ్ల జతా, రెండు పళ్ల జతా, ఆరు పళ్ల జతా అని తేల్చి, ఆ విభాగానికి తగిన బండను కట్టి, ఇన్ని నిమిషాల్లో ఎంత దూరం లాగితే అంత అని అందరూ వినేలా చెప్పిన తర్వాతే జతను బరిలోకి వదులుతారు. ఫార్ములా వన్‌లో ఈ పళ్లు చూసే పని ఎఫ్.ఐ.ఎ. అనే అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్యది. 1950 మే 13న ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ తొలి పందెం జరిగిన నాటి నుంచీ ఈ కట్టుబాటు మారుతూనే ఉంది. వేగం పెరిగితే ప్రమాదం పెరుగుతుంది, ఖర్చు పెరిగితే చిన్న జట్లు మూతపడతాయి, ఒకే జట్టు గెలుస్తూ పోతే చూసేవారికి విసుగు పుడుతుంది. చాలా మార్పుల వెనక ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉంటుంది. అసలు నిబంధనలే మార్చకూడదని పట్టుబట్టే అభిమాని, తనకు తెలియకుండానే, ఆ ఆట పేరుకే అడ్డం తిరుగుతున్నాడు.

అయినా మార్పు అభిమానికి నచ్చదు. 2014లో ఎనిమిది సిలిండర్ల 2.4 లీటర్ల ఇంజిన్లు పోయి, వాటి స్థానంలో ఆరు సిలిండర్ల 1.6 లీటర్ల టర్బో ఇంజిన్లు, వాటికి తోడుగా విద్యుత్ మోటార్లు వచ్చాయి. టర్బో అంటే పొగగొట్టం గుండా బయటికి పోయే వేడి వాయువుల ఊపుతో తిరుగుతూ, ఇంజిన్లోకి మరింత గాలిని తోసే చిన్న చక్రం. వృథాగా పోయే శక్తిని అది పనిలో పెడుతుంది కాబట్టి చప్పుడు తగ్గుతుంది. ఇంజినీర్లకు అది విజయం, అభిమానులకు అది ద్రోహం. పాత బుల్లెట్ బండి డుగుడుగు శబ్దానికి అలవాటుపడిన చెవికి కొత్త స్కూటరు ముద్దుగా వినిపించనట్టే, చెవుల్లో దూది పెట్టుకుని పందెం చూసిన తరానికి ఆ కొత్త ఇంజిన్ పిల్లకూతలాగా వినిపించింది. ఆ గోల ఎంతదాకా పోయిందంటే, ఆ ఏడాది మే నెలలో బార్సిలోనాలో జరిగిన పరీక్షల్లో మెర్సిడెస్ జట్టు తన కారు పొగగొట్టానికి బాకా లాంటి మూతిని తగిలించి చూసింది. ఆశించినంత చప్పుడు రాలేదు. బాకా మూలకు పోయింది.

హేలో విషయంలోనూ ఇదే జరిగింది. డ్రైవరు తల చుట్టూ, ముందు ఒక నిలువు కమ్మీతో, దండెం వంచినట్టుగా ఉండే టైటానియం చట్రాన్ని హేలో అంటారు. 2018 నుంచి దాన్ని తప్పనిసరి చేసినప్పుడు, కారు అందం చెడిందనీ, తెరిచిన కాక్‌పిట్ అనే సంప్రదాయం పోయిందనీ, ప్రమాదమే లేకపోతే ఇక ఇది సాహసమెలా అవుతుందనీ అభిమానులు మండిపడ్డారు. చెప్పులాగా ఉందని ఎగతాళి చేసినవారూ ఉన్నారు. డ్రైవర్లలోనూ వ్యతిరేకించినవారున్నారు, ఫ్రాన్స్‌కు చెందిన రొమెయిన్ గ్రోజాన్ వారిలో ఒకడు. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో, మొదటి చుట్టులోనే, అతని కారు ఇనుప కంచెను చీల్చుకుని రెండు ముక్కలై మంటల్లో చిక్కింది. దాదాపు 28 సెకన్ల తర్వాత అతను ఆ మంటల్లోంచి తనంతట తాను బయటికి వచ్చాడు. కంచె కమ్మీలను అతని తలకు తగలకుండా పక్కకు నెట్టింది ఆ చట్రమే. హేలో తనకు ఇష్టం ఉండేది కాదనీ, అది లేకపోతే ఈ రోజు మాట్లాడేవాణ్ణి కాననీ అతను ఆసుపత్రి నుంచే చెప్పాడు. ఆ తర్వాత అందం గురించిన మాట పెద్దగా వినిపించలేదు.

కొత్త చెప్పు నాలుగు రోజులు కరుస్తుంది. తర్వాత కాలే దానికి సర్దుకుంటుంది. పందేనికి ముందు, అందరికీ తెలిసేలా, అందరికీ ఒకేలా మారిన నిబంధనల మీద వచ్చే తగవులు చాలావరకు ఈ జాతివే. సర్దుకోని చెప్పులూ లేకపోలేదు. అవి ఊరికే వదిలేయడానికి పనికొస్తాయి తప్ప, ఎవరికో అన్యాయం జరిగిందనడానికి పనికిరావు. 2016లో క్వాలిఫయింగ్ పద్ధతిని మార్చినప్పుడు అదే రుజువైంది. క్వాలిఫయింగ్ అంటే ఆదివారం పందెంలో ఎవరు ముందు వరసలో నిలబడాలో తేల్చడానికి శనివారం జరిపే వేగపరీక్ష. ఆ ఏడాది దాన్ని కుర్చీలాటగా మార్చారు; ప్రతి 90 సెకన్లకూ అందరికంటే నెమ్మదిగా ఉన్న డ్రైవరు తప్పుకోవాలి. ఉత్కంఠ పెరుగుతుందని అనుకున్నారు. మెల్‌బోర్న్‌లో జరిగింది వేరు. ఇక తమ వేగాన్ని మెరుగుపరచుకోలేమని తేల్చుకున్న డ్రైవర్లు గడువుకు ముందే కార్లు దిగిపోవడంతో, చివరి నిమిషాల్లో ఖాళీ ట్రాక్ మాత్రం మిగిలింది. చూడవచ్చినవారు ఖాళీ తారు రోడ్డును చూశారు. బహ్రెయిన్‌లోనూ అదే పద్ధతిని నడిపి, మూడో పందెం నాటికి చైనాలో పాత పద్ధతికి తిరిగివచ్చారు. అభిమానులు దాన్ని తెలివితక్కువ పని అన్నారే గాని మోసం అనలేదు. పద్ధతి ఏమిటో 22 మంది డ్రైవర్లకూ ముందే తెలుసు మరి.

ఇక రెండో జాతి తగవు. సందులో క్రికెట్ ఆడే పిల్లల్ని గమనిస్తే ఇది తేలిగ్గా తెలుస్తుంది. బంతి పక్కింటి గోడ దాటితే అవుట్ అని ఆటకు ముందే అనుకుంటే, ఆ నిబంధన ఎంత విడ్డూరమైనదైనా పిల్లలెవరూ పేచీ పెట్టరు. అదే మాటను, బంతి గోడ దాటిన తర్వాత, బ్యాటు సొంతదారు అప్పటికప్పుడు అంటే ఆ సాయంత్రానికి ఆట అక్కడితో సరి. ముందు చెప్పిన నిబంధన ఎంత కఠినమైనా మింగుడు పడుతుంది. మధ్యలో వచ్చినది ఎంత చిన్నదైనా గొంతులో ముల్లవుతుంది.

ఆ ముల్లు 2021 డిసెంబరు 12న అబుదాబిలోని యాస్ మరీనా ట్రాక్ మీద గుచ్చుకుంది. అది ఆ ఏడాదికి చివరి పందెం. మెర్సిడెస్ డ్రైవరు లూయిస్ హామిల్టన్‌కూ, రెడ్‌బుల్ డ్రైవరు మాక్స్ వెర్‌స్టాపెన్‌కూ అప్పటికి సరిగ్గా 369.5 పాయింట్ల చొప్పున ఉన్నాయి. ఇద్దరిలో ఎవరు ముందు గీత దాటితే వారే ప్రపంచ చాంపియన్. 58 చుట్ల పందెంలో హామిల్టన్ హాయిగా ముందున్నాడు. 53వ చుట్టులో నికొలస్ లతీఫీ కారు గోడకు గుద్దుకోవడంతో సేఫ్టీ కారును దింపారు. ప్రమాదం జరిగిన చోటును సిబ్బంది శుభ్రం చేసేదాకా, పందెం కార్లన్నిటికీ ముందుండి నెమ్మదిగా నడిపించే అధికారిక వాహనం అది. అది ఉన్నంతసేపూ ఒకరినొకరు దాటకూడదు. పెళ్లి ఊరేగింపు వెనక చిక్కుకున్న బస్సుల్ని తలచుకుంటే సరిపోతుంది. అంతకుముందు రెండు కిలోమీటర్ల ఎడం ఉన్నా, ఊరేగింపు దగ్గరికి వచ్చేసరికి వెనక బస్సు ముందు బస్సును ఆనుకుని నిలబడుతుంది. అలా హామిల్టన్ సంపాదించుకున్న ఎడమంతా కరిగిపోయింది. ఈలోగా వెర్‌స్టాపెన్ పిట్‌లోకి వెళ్లి కొత్త మెత్తని టైర్లు వేయించుకున్నాడు. హామిల్టన్ వెళ్తే మొదటి స్థానం చేజారుతుంది కనుక, అరిగిన గట్టి టైర్లతోనే ఉండిపోయాడు.

ఇద్దరి మధ్యా ఐదు కార్లున్నాయి. అవి ఒక చుట్టు వెనకబడిన కార్లు, వాటికి ఈ పోటీతో సంబంధం లేదు. అప్పటి వాడుక ప్రకారం పందెం అధికారికి రెండు దారులున్నాయి. వెనకబడిన కార్లను ఉన్నచోటనే ఉంచి పందెం మళ్లీ మొదలుపెట్టడం ఒకటి. వెనకబడినవాటిని ముందుకు వెళ్లనిచ్చి, ఆ తర్వాతి చుట్టు చివర సేఫ్టీ కారును లోపలికి పిలవడం మరొకటి. మొదటి దారిలో హామిల్టన్‌కు ఐదు కార్ల అడ్డుగోడ దొరుకుతుంది. రెండో దారిలో పందెం సేఫ్టీ కారు వెనకే ముగిసిపోతుంది. అప్పటి పందెం అధికారి మైకేల్ మాసీ మూడో దారి పట్టాడు. ముందు ఏ కారూ కదలకూడదన్నాడు, కాసేపటికి మనసు మార్చుకుని, వెనకబడిన ఎనిమిదింటిలో ఆ ఇద్దరి మధ్య ఉన్న ఐదింటిని మాత్రమే ముందుకు పంపి, ఆ చుట్టులోనే సేఫ్టీ కారును లోపలికి రప్పించాడు. మిగిలింది ఒక్క చుట్టు. అరిగిన టైర్లు, కొత్త టైర్లు, మధ్యలో ఎవరూ లేరు. ఐదో మలుపు దగ్గర వెర్‌స్టాపెన్ దాటేశాడు.

వెర్‌స్టాపెన్ అభిమానుల చేతిలోనూ సరుకు లేకపోలేదు. పందేలు వీలైనంతవరకు సేఫ్టీ కారు వెనక ముగియకూడదని జట్లన్నీ అంతకుముందే అనుకున్నాయి. సేఫ్టీ కారు విషయంలో అధికారికి విశేషాధికారం ఉందని నిబంధనల్లోనే మరోచోట ఉంది. మెర్సిడెస్ చేసిన ఫిర్యాదును ఆ రాత్రే కొట్టివేసిన న్యాయనిర్ణేతలు దాన్నే చూపించారు. పైగా వెర్‌స్టాపెన్ తప్పేమీ చేయలేదు, తన ముందుకు వచ్చిన చుట్టును తాను నడిపాడు. ఇదంతా నిజమే. అయినా ఎనిమిదింటిలో ఐదింటినే ఎంచుకోవడం అంతకుముందు ఎవరూ ఎరగని పద్ధతి. గోడ దాటిన బంతికి అప్పటికప్పుడు రాసిన నిబంధన అది. అందుకే ఆ తగవు చల్లారలేదు.

దీని పక్కన మరో సంఘటనను పెట్టి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. 2024 జులై 28న బెల్జియంలోని స్పా పందెంలో మెర్సిడెస్ డ్రైవరు జార్జ్ రసెల్ ఒక్కసారే టైర్లు మార్చుకుని, అందరినీ ఆశ్చర్యపరుస్తూ మొదటివాడుగా గీత దాటాడు. పందెం తర్వాత కారులోని ఇంధనం తీసి కాటా మీద పెట్టారు. ఉండవలసింది 798 కిలోలు, తూగింది 796.5. కిలోన్నర తక్కువ. కిరాణా కొట్లో ఒక చిన్న బియ్యం సంచి అంత బరువు. విజయం రద్దయింది, రెండో స్థానంలో ఉన్న హామిల్టన్‌ను విజేతగా ప్రకటించారు. శిక్ష ఎంత కఠినమో చూడండి: 44 చుట్ల కష్టం కిలోన్నర దగ్గర పోయింది. అయినా జట్టు అప్పీలుకు పోలేదు, తప్పు తమదేనని ఒప్పుకుంది. అభిమానులు బాధపడ్డారు గాని కుట్ర అన్న కేక పెద్దగా లేవలేదు. కాటా ముందే ఉంది, రాయి ముందే ఉంది, అందరికీ అదే రాయి.

అన్ని తగవులూ ఇంత శుభ్రంగా తెగవు. అదే స్పాలో 2021 ఆగస్టు 29న కుండపోత వానలో గంటల తరబడి ఆపి, సేఫ్టీ కారు వెనక కొన్ని చుట్లు తిప్పి, ఎవరూ ఎవరినీ దాటకుండానే పందెం అయిందనిపించి సగం పాయింట్లు పంచారు. పెళ్లికి పిలిచి, విస్తరి వేసి, నీళ్లు చల్లి, భోజనాలు అయిపోయాయని చెప్పినట్టుంది. తడిసి ముద్దయిన ప్రేక్షకులకు టికెట్ డబ్బు తిరిగి ఇవ్వాలని హామిల్టన్ బహిరంగంగానే అన్నాడు. సగం పాయింట్ల నిబంధన మాత్రం ముందు నుంచీ పుస్తకంలో ఉన్నదే. అది చెడ్డ నిబంధన; అప్పటికప్పుడు పుట్టినది కాదు. సేఫ్టీ కారు లేకుండా కనీసం రెండు చుట్లైనా సాగితేనే పాయింట్లు అని 2022కు దాన్ని సరిచేశారు.

2005 జూన్ 19 నాటి ఇండియానాపొలిస్ వ్యవహారం ఇంకా చిక్కుది. ఎత్తుగా వాలిన చివరి మలుపును మిషెలిన్ టైర్లు తట్టుకోవడం లేదని శుక్రవారమే బయటపడింది. ఆ మలుపు ముందు వేగాన్ని తగ్గించే మెలిక ఒకటి కట్టమని మిషెలిన్ జట్లు అడిగాయి; సరైన టైర్లు తెచ్చుకున్నవారు ఎందుకు నష్టపోవాలని ఎఫ్.ఐ.ఎ. ఒప్పుకోలేదు. ఆదివారం నాడు వరసల్లో నిలబడడానికి ముందు వేసే చుట్టు అయ్యాక, 20 కార్లలో 14 పిట్‌లోకి వెళ్లిపోయాయి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్ల మీద ఆరే కార్లు తిరిగాయి. డబ్బు పెట్టి, సెలవులు పెట్టి వచ్చిన జనం ఈలలు వేశారు, సీసాలు విసిరారు. ఆ ఆరు కార్లలో ఒకటి మన దేశం నుంచి ఫార్ములా వన్‌లోకి వెళ్లిన మొదటి డ్రైవరు నరైన్ కార్తికేయన్‌ది. నాలుగో స్థానంతో అతనికి వచ్చిన 5 పాయింట్లే ఒక భారతీయుడికి ఈ పోటీల్లో దక్కిన తొలి పాయింట్లు. అందరూ టైర్లు తెచ్చుకున్నాక ట్రాక్‌ను మార్చకపోవడం న్యాయమే. జనం కోపం కూడా న్యాయమే. నిబంధన నిలబడింది, ప్రేక్షకుడు మునిగాడు. టికెట్ల డబ్బు తిరిగి ఇస్తామని మిషెలిన్ ముందుకు రావడం ఉన్నంతలో మర్యాదైన పని.

అభిమానులను మరీ అమాయకులుగా చూపించడమూ సరికాదు. 1976లో ఇంగ్లండులోని బ్రాండ్స్ హాచ్‌లో మొదటి మలుపు దగ్గరే కార్లు గుద్దుకుని పందెం ఆగినప్పుడు, తమ దేశపు జేమ్స్ హంట్ మళ్లీ బయల్దేరడానికి వీల్లేదని అధికారులు అనేసరికి, జనం చప్పట్లు చరుస్తూ, డబ్బాలు విసురుతూ గోల చేశారు. ఆ గోలలో అతని కారు బాగుపడింది, అధికారులు మెత్తబడ్డారు, హంట్ గెలిచాడు. రెండు నెలల తర్వాత ఆ విజయాన్ని రద్దు చేసి అతని ప్రత్యర్థి నికీ లౌడాకు ఇచ్చారు. నిర్ణయాన్ని మధ్యలో మార్పించింది ఈసారి అభిమానులే. అంపైరు మన వీధివాడైతే ఎల్బీడబ్ల్యూ కళ్లకు కనబడదు. అందుకే ఆ ఒక్క ప్రశ్నకు ఒక తోక తగిలించాలి: లాభపడినవాడి పేరునూ నష్టపోయినవాడి పేరునూ తారుమారు చేసి చూసినా, అభిమాని అదే తీర్పు చెబుతాడా?

మన ప్రాంతంలోనూ ఇలాంటి ఘట్టం ఒకటి ఉంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెంలో సెబాస్టియన్ బ్యూమీ మూడోవాడుగా గీత దాటినా, అనుమతికి మించి శక్తి వాడాడని తేలి 17 సెకన్ల శిక్షతో ఆ స్థానం పోగొట్టుకున్నాడు. శక్తికి హద్దు ముందే రాసి ఉంది కనుక అది కిలోన్నర బరువు లాంటి తగవే.

ఇక 2026 మార్పులు. దాదాపు సగం శక్తి విద్యుత్తు నుంచి రావడం, ముందువాణ్ణి దాటడానికి 2011 నుంచి వాడిన డి.ఆర్.ఎస్. అనే తెరుచుకునే వెనక రెక్క పద్ధతి పోయి ముందు వెనక రెక్కలు రెండూ కదలడం, కార్లు చిన్నవి కావడం వీటిలో ముఖ్యమైనవి. వీటి రూపురేఖలను ఎఫ్.ఐ.ఎ. 2024 జూన్‌లోనే ప్రకటించింది. డి.ఆర్.ఎస్. వచ్చినప్పుడు అది కృత్రిమమని గోల చేసిన గొంతులే అది పోతుంటే బెంగపడడం ఈ ఆటలో వింతేమీ కాదు. నచ్చనివారు నచ్చలేదనే చెప్పాలి. మోసం అనే పెద్ద మాటను దాచుకోవడం మంచిది.

ఆ పెద్ద మాట నిజంగా అవసరమైన రోజు అబుదాబిలో వచ్చింది. 2022 మార్చిలో ఎఫ్.ఐ.ఎ. తన నివేదికలో, మాసీ మంచి ఉద్దేశంతోనే చేసినా అది మానవ తప్పిదమని రాసింది. అప్పటికే అతణ్ణి ఆ పదవి నుంచి తప్పించారు. వెనకబడిన ‘ఏ కార్లయినా’ అని ఉన్నచోట ‘అన్ని కార్లూ’ అని నిబంధనలో ఒక మాట మార్చారు. ఆ ఏడాది పట్టికలో మాత్రం వెర్‌స్టాపెన్‌కు 395.5, హామిల్టన్‌కు 387.5 అనే అంకెలు అలాగే ఉన్నాయి.